జనవరిలోనూ ఆరు గంటలే

అప్పట్లో నేను ఫరీదాబాద్‌లో, రంగుల్లో కలిపే రెసిన్ తయారుచేసే ఫ్యాక్టరీలో కెమిస్టుని. ఆ జనవరి చలికి డ్రమ్ముల్లో నూనె చిక్కబడి పంపుకి ఎక్కడం లేదు. అంత చల్లటి సరుకు కాగడానికే గంట ఎక్కువ పట్టాలి. కాగేదాకా రసాయన చర్య నత్తనడకే. లాగ్‌బుక్‌లో మాత్రం ప్రతి బ్యాచ్ జూన్‌లో లాగే సరిగ్గా ఆరు గంటల్లో అయిపోతోంది.

నాకు ఒళ్లు మండింది. ఆపరేటర్ మా శ్రీకాకుళం వైపు పెద్దాయన.

"వేడి మీటరు చూసే రాస్తున్నావా బాబాయ్?" అన్నాను.

"చూడకుండా ఎలా రాస్తాను సారూ. సబ్ ఠీక్ హై," అన్నాడు ఎటో చూస్తూ.

ఆ ఎటో చూడటమే నాకు నచ్చలేదు. ఆయన టీకి వెళ్లగానే పుస్తకం తిప్పాను. రేపటి పేజీ. ఇంకా మొదలే కాని బ్యాచ్‌కి ఆరు గంటల డిగ్రీలూ నింపేసి ఉన్నాయి. దొరికాడనుకున్నాను. మేనేజర్‌కి చూపిద్దామని లేవబోతూ పేజీ అడుగున చూశాను.

తనిఖీ చేసినట్టు నా సంతకం ఉంది. రోజూ ఈ చలిలో పై ల్యాబ్ నుంచి కిందికి ఎవడు దిగుతాడని, వారానికి సరిపడా ఖాళీ పేజీల మీద సోమవారమే పెట్టేశాను.

ఆయన టీ తాగి వచ్చేసరికి పుస్తకం ఎక్కడిదక్కడే ఉంది.