కంపెనీ స్పీడు

కాకినాడలో యానాం బస్సెక్కేసరికి నా ఒళ్ళో సీపీయూ ఉంది, ఒంటినిండా కోపం ఉంది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి విడిభాగాలు కొని నేనే బిగించుకున్న కంప్యూటర్ అది. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడుకు మించి నడిపిస్తుంటే మధ్యలో తెర నీలంగా మారి ఆగిపోతోంది. రిపేరు షాపులో చూపిస్తే, అతను స్పీడు మళ్ళీ మొదటికి దించేసి, "ఆడపిల్లలకెందుకమ్మా ఈ ప్రయోగాలు?" అన్నాడు.

పక్క సీట్లో చేపలమ్ముకుని తిరిగొస్తున్న ఆవిడ, కాళ్ళ దగ్గర ఖాళీ గంప. "ఏంటమ్మా, మొకం అలా పెట్టేవు?" అంది. చెప్పాను.

పకపకా నవ్వింది. "మా పడవింజనూ అంతే. ఎక్కువ లాగిత్తే గోదాట్లో ఆగిపోయేది. అంత జోరెందుకని అందరూ తిట్టేవోరు. మరి మెల్లగా వత్తే ఆఖర్న రేవుకొత్తాం. అప్పుడు మా చేప ఎవడు కొంటాడు?"

"మరేం చేశారు?"

"ఆగినప్పుడల్లా ఓ పిసరు తగ్గించి చూసుకునేవోళ్ళం. అలాగని తాబేలు నడక నడిపించలేదు."

బస్సు గతుకుల్లో పడింది. ఆవిడ తలమీద గంప కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు తీసి, నా సీపీయూ కింద దోపింది. యానాంలో దిగేటప్పుడు తిరిగివ్వబోతే, "ఉంచుకో, నేనింకోటి చుట్టుకుంటాను" అంది.

ఇంటికి రాగానే స్పీడు మళ్ళీ పెంచాను. ఆగిపోయింది. పిసరు తగ్గించాను. మళ్ళీ ఆగింది. ఇంకో పిసరు తగ్గించాను. ఇక ఆగలేదు. కంపెనీ స్పీడుకు ఇప్పటికీ పైనే నడుస్తోంది.

చుట్టకుదురు మానిటర్ పక్కనే ఉంది. చేపల వాసనొస్తోంది, పారెయ్యమంటుంది అమ్మ.

పారెయ్యను.