తరవాణి కుండ కడిగేసిన రోజు

చిన్నప్పుడు అంటే మరీ చిన్నప్పుడు కాదులెండి... పదహారేళ్ళు. పీయూసీ చదువుకోడానికి విజయనగరంలో ఒక పెంకుటింటి వెనకాల గదిలో దిగాను. మాది కళింగపట్నం పక్క పల్లె. ఒక బత్తీల స్టవ్వు, ఒక సత్తు గిన్నె, ఒక మట్టికుండ... అదే నా వంటిల్లు. దాని పక్కనే చాప, పుస్తకాలు.

రోజూ సాయంత్రం గిన్నెడు అన్నం వండేవాణ్ణి. గంజి కుండలోకి వార్చేసి, సగం అన్నం పచ్చిపులుసుతో తినేసి, మిగతా సగం ఆ కుండలోనే వేసేవాణ్ణి. తెల్లారేసరికి పుల్లపుల్లగా తరవాణి అన్నం తయారు! ఉప్పుగల్లు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే మళ్ళీ సాయంత్రం దాకా స్టవ్వు ముట్టుకునే పని లేదు.

ఆ కుండలో మొదటి పులుపు మా అమ్మ ఇచ్చిందే. ముంతకి గుడ్డ కట్టి ఇస్తూ, "కుండ అడుగంటా ఒంపకురోయ్... ఇంట్లో మడిసి పోతేనే తరవాణి కుండ ఒంపి కడుగుతారు" అని మరీ మరీ చెప్పింది.

తిండికి లోటు లేదు. తోడుకే... ఇంటి దగ్గర ఎనిమిదిమందిమి వరసగా కూర్చుని తినేవాళ్ళం. ఇక్కడ నేను నమిలే చప్పుడు నాకే వినపడేది. ఒక్కోరోజు కాలేజీలో "ప్రెజెంట్ సార్" అన్న ముక్క తప్ప నోట్లోంచి ఇంకో మాట ఊడిపడేది కాదు. అబ్బ, ఎంత దిగులో! చెప్పుకోడానికి కూడా మనిషి లేడు.

అలాంటిది ఒకరోజు మా క్లాసు సత్యం నా భుజమ్మీద చెయ్యేసి, "రేపు మద్దేనం మీ గదికొస్తానురా, లెక్కలు సెప్దువుగాని" అన్నాడు. నెల్లిమర్ల నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. వాళ్ళ నాన్నకి జూట్ మిల్లులో పని. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం... నా కళ్ళకి వాడొక దొరబాబు.

మర్నాడు పొద్దున గదంతా ఊడ్చాను. ఎంత ఊడ్చినా ఆ పులుపు కంపు పోదే! వాడు ముక్కు మూసుకుంటే నా పరువేం కాను? ఇంకేమీ ఆలోచించలేదు. కుండెత్తి కాలవలో ఒంపేశాను. బూడిద పెట్టి తోమి, గోడమీద బోర్లించాను.

వాడొచ్చాడు. సైకిలు స్టాండు వేస్తూ గోడ మీద కుండ చూశాడు. మొహం మారిపోయింది. మెల్లిగా నా దగ్గరకొచ్చి, "ఇంటికాడ ఎవులు పోనార్రా?" అన్నాడు.

దొరబాబుకీ తరవాణి సంగతి తెలుసన్నమాట... వాళ్ళింట్లోనూ అదే అలవాటు!

సిగ్గుతో చచ్చిపోయాను. నీ కోసమే ఒంపానురా అని చెప్పొచ్చు కదా? "మామ్మ..." అనేశాను. మామ్మ పోయిన మాట నిజమే. కాకపోతే నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు!

"మరెల్లలేదేట్రా?"

"అంతా అయిపోనాక కబురొచ్చింది... పరీచ్చలని నన్ను రావద్దన్నారు."

ఒక అబద్ధానికి ఇంకోటి అతుకు. వాడు నా పక్కన చాప మీద కూర్చుని ఊరికే నా చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం రెండు గిన్నెల కేరియరు. అన్నం, ముద్దపప్పు, ఆనపకాయ పులుసు. "మైలగదిలో తినకూడదంతారు గానీ, మా అమ్మే తినమన్నాది. ఆడొక్కడూ ఎలగ తింతాడు, నువ్వూ కూకో అన్నాది" అని నా ఎదురుగానే కూర్చునేవాడు. ఎన్ని కబుర్లనీ! మిల్లు కూత గురించి, వాళ్ళ చెల్లి అల్లరి గురించి... ఆ పదిరోజులూ నేను నవ్వినట్టు ఆ ఏడాదంతా నవ్వలేదు. సంతోషం సంతోషమే, కానీ వాడు కేరియరు విప్పినప్పుడల్లా మామ్మ గుర్తొచ్చేది.

పదోరోజు పులుసు కలుపుకుంటూ అన్నాడు. "ఆదివారం మా అమ్మా నేనూ మీ ఊరొస్తాం. మీ అమ్మని పలకరించాల."

ఆవిడ పాపం అంతదూరం బస్సెక్కి మా ఇంటికొచ్చి మా అమ్మని పట్టుకుని ఏడిస్తే?

చెప్పేశాను. మామ్మ ఎప్పుడో పోయిందనీ, నువ్వు ముక్కు మూసుకుంటావని కుండ ఒంపేశాననీ... అంతా.

తిడితే బాగుణ్ణు. రెండు తగిలించినా బాగుణ్ణు. వాడు కంచంలో ఉన్నది పూర్తిగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కేరియరు సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మకి ఏటని సెప్పమంతావురా?" అన్నాడు.

సైకిలు వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది.

మళ్ళీ గదికి రాలేదు. క్లాసులో ఎదురుపడితే తలూపేవాడు, అంతే. మరుసటి ఏడు ఏ ఊరు వెళ్ళాడో కూడా తెలీదు. నా అన్నం నేనే వండుకుని, గోడవైపు తిరిగి తినడం మళ్ళీ అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు మా మనవడూ ఊరుకాని ఊళ్ళో గది తీసుకుని చదువుతున్నాడు. వాడికి కరెంటు పొయ్యి, నూడుల్స్ పొట్లాలు, ఫోను నొక్కితే గుమ్మంలోకి బిర్యానీ... తరవాణి అంటే వాడికి తెలీనే తెలీదు. ఇంట్లో అందరూ వాడికి ఫోన్ చేసి "ఏం తిన్నావురా?" అని అడుగుతారు. నేను మాత్రం "ఎవరితో తిన్నావురా?" అని అడుగుతాను. "ఒక్కణ్ణే తాతా" అంటాడు, రోజూ...

మీరూ గదుల్లో వండుకుని చదువుకున్నవాళ్ళే అయితే చెప్పండి... మీ ఎదురుగా కూర్చుని తిన్నదెవరు? వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో తెలుసా?