పెంటకుప్ప మెయిల్

మా ఆయన గొంతు బొంగురుపోతున్న సంగతి మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. చోడవరంలో పంపు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. పొద్దున లేస్తే వార్నిష్ వాసన, మధ్యాహ్నం కాలిన తీగల కమురు, వీటన్నిటి మీదా చుట్ట. గొంతు బొంగురుపోక ఏమవుతుంది అనుకున్నాను. పైగా ఆ రోజుల్లో నా ప్రాణం తోడేస్తున్నది ఆయన గొంతు కాదు, నా ఫోను.

నేను బుచ్చయ్యపేట మండలంలో ఓ చిన్న ఊరి బడిలో టీచర్ని. ఆఫీసు నుంచి వచ్చే ఆర్డర్లు, బ్యాంకు కబుర్లు, అన్నీ ఒక్క మెయిల్ అడ్రసుకే వచ్చేవి. నా తెలివితక్కువతనం ఏమిటంటే, బట్టల కొట్లో బిల్లు వేసే పిల్ల "మేడమ్, మెయిల్ ఐడీ?" అన్నా, చెప్పుల షాపువాడు అడిగినా, ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా డబ్బా దగ్గర నిలబడ్డవాడు అడిగినా, బళ్ళో హాజరు పలికినట్టు ఆ అడ్రసే గడగడా చెప్పేసేదాన్ని. ఇక చూడండి. ఆషాఢం తగ్గింపులు, అడక్కుండానే అప్పులిస్తామనేవాళ్ళు, బట్టతలకు నూనెలు, ఎక్కడో దేశంకాని దేశంలో ఎవరో పోతూ పోతూ నా పేరిట ఆస్తి రాశారని ఒక మహానుభావుడు. ఈ గుంపులో పడి ఒకసారి నా బదిలీకి సంబంధించిన మెయిల్ కనపడకుండా పోయింది. గడువు రేపనగా తోటి టీచరు ఫోన్ చేసి "నువ్వింకా ఆప్షన్లు పెట్టలేదా?" అంటే అప్పుడు తెలిసింది. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి ఆ మెయిళ్ళు పంపేవాళ్ళలో ఒక్కడు కళ్ళ ముందుంటే ఏమై ఉండేదో చెప్పలేను.

తర్వాత ఏదో శిక్షణ తరగతుల్లో ఒకాయన చెప్పాడు. ముఖ్యమైనవాటికి ఒక అడ్రసు పెట్టుకోండి, అడిగిన ప్రతివాడికీ ఇవ్వడానికి ఇంకోటి పెట్టుకోండి, ఆ రెండోదాని మోత ఆపేయండి, దాన్ని తెరవక్కర్లేదు అని. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తోచనందుకు నన్ను నేను తిట్టుకుని ఆ సాయంత్రమే కూర్చున్నాను. కొత్తగా ఒక శుభ్రమైన అడ్రసు తెరిచి బ్యాంకుకీ ఆఫీసుకీ అది ఇచ్చాను. పాతది అందరి నోళ్ళలోనూ నానింది కాబట్టి దాన్ని చెత్తకి వదిలేశాను. పక్కన కూర్చుని అంతా చూస్తున్న మా ఆయన నవ్వారు.

"ఒసే, మా ఊళ్ళో ఇంటెనకాల పెంటకుప్ప ఉండేది. నువ్వు ఫోన్లో కూడా ఒకటి ఏసేవేటే?"

అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు పెంటకుప్ప మెయిలే.

ఆయనది బటన్ల ఫోను. వార్నిష్ చేతులకి టచ్ ఫోను పలకదని కొననిచ్చేవారు కాదు. అందుకని రెండు అడ్రసులూ నా ఫోన్లోనే ఉండేవి. కానీ రాగితీగ కొనడానికి విశాఖ వెళ్ళినప్పుడు ఆయన్నీ అడుగుతారు కదా. ఒక అట్టముక్క మీద ఇటువైపు నల్ల ఇంకుతో మంచి అడ్రసు, అటువైపు ఎర్ర ఇంకుతో పెంటకుప్ప అడ్రసు రాసి పర్సులో పెట్టాను. పెట్టి ఊరుకున్నానా, పిల్లలకి చెప్పినట్టు పాఠం చెప్పాను. బ్యాంకైనా, కరెంటాఫీసైనా, ఆస్పత్రైనా నల్లది చూపించాలి. కొట్లవాళ్ళకి ఎర్రది. మనం చూడక్కర్లేనివన్నీ ఎర్రదానికే పోవాలి. చెప్పి మళ్ళీ ప్రశ్నలడిగాను. "గ్యాసు?" అంటే "నలుపు" అన్నారు. "సెల్లు షాపు?" అంటే "ఎరుపు టీచరు గారూ" అని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నిజం చెప్పొద్దూ, ఆ తర్వాత ప్రాణం హాయిగా ఉంది. ఫోను మోగితే అది నాకు కావలసిన మోతే. బళ్ళో నలుగురికీ ఈ ఉపాయం చెప్పాను, గర్వంగానే చెప్పాను.

ఆ శ్రావణంలో ఆయన గొంతు మరీ పాడైంది. ముద్ద మింగుతుంటే మొహం చిట్లించేవారు. డాక్టరుకి చూపించుకోమని పోరగా పోరగా విశాఖ బయల్దేరారు. నేను సెలవు పెట్టి వస్తానంటే ఒప్పుకోలేదు. "గొంతునొప్పికి ఇద్దరం ఎల్లాలేటి? నువ్వు బడికి పో" అన్నారు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పారు.

"గొట్టం ఏసి సూసేరు. సిన్న పుండంట. మందులిచ్చేరు, తగ్గిపోద్దన్నారు."

మందులు చూపించారు కూడా. అంతటితో ఆగకుండా చుట్ట మానేశారు. పెళ్ళైన నాటి నుంచి నేను తిట్టీ ఏడ్చీ మాన్పించలేనిది ఆయనే ఒక్క రోజులో మానేశారు. నేను సంబరపడ్డాను. అనుమానించాల్సిన చోట సంబరపడ్డానని ఇప్పుడు తెలుస్తోంది. ఇంకో సంగతి, ఆయన మాట్లాడటం ఎక్కువైంది. షాపు మూసి వచ్చి మంచమెక్కే మనిషి, నేను వంట చేస్తుంటే గుమ్మంలో పీట వేసుక్కూర్చుని ఆ బొంగురు గొంతుతోనే ఏవేవో చెప్పేవారు. మాడుగుల నుంచి మోటారు తెచ్చినవాడి సంగతి, వాళ్ళ నాన్న సంగతి, చిన్నప్పుడు చెరకు తోటలో దొరికిపోయిన సంగతి. గొంతుకి రెస్టు ఇవ్వండి మహాప్రభో అంటే వినేవారు కాదు.

కార్తీకం వచ్చింది. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు మొదలయ్యాయి. ఒక ఆదివారం నా ఫోను నిండిపోయిందని, ఇక ఏమీ పట్టదని చూపించింది. ఏం తీసెయ్యాలా అని ఆలోచిస్తే పెంటకుప్ప గుర్తొచ్చింది. తెరిచి, మొత్తం ఒక్కసారే తుడిచేద్దామని వేలు పెట్టబోతున్నాను. చీరల ఆఫర్‌కీ అప్పు ఆఫర్‌కీ మధ్యన మా ఆయన పేరు కనపడింది. ఇంగ్లీషులో, ఇంటిపేరుతో సహా. పంపింది విశాఖలో ఒక ల్యాబు. మీ రిపోర్టు ఇంకా తీసుకోలేదు, దయచేసి డాక్టరును కలవండి అని ఉంది. కిందికి వెళ్తే అలాంటిదే ఇంకోటి. ఇంకా కిందకి, శ్రావణం నాటి చెత్త మధ్య, అసలు రిపోర్టు ఉంది. గొంతులోంచి తీసిన ముక్కను పరీక్ష చేశారట. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషే. అయినా కొన్ని మాటలకి డిక్షనరీ అక్కర్లేదు. కార్సినోమా అంటే క్యాన్సరని నాకు తెలుసు. ఫోను పట్టుకుని ఉన్నదున్నట్టు షాపుకి బయల్దేరాను.

ఆదివారమైనా షాపు తీసే ఉంది. నేను వెళ్ళేసరికి ఆయన మోటారు లోపలి గాడుల్లోకి రాగితీగ చుట్టలు ఒక్కొక్కటే సర్దుతున్నారు. దేవరాపల్లి రైతు ఒకాయన బల్ల మీద కూర్చుని తన మోటారు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు. ఆ రైతు టీ తాగడానికి లేచేదాకా ఓపిక పట్టాను. తర్వాత ఫోను మా ఆయన ముందు పెట్టాను.

"ఇదేటండీ?"

ఆయన చూసి, మళ్ళీ తీగ మీదికి తల వంచుకున్నారు.

"గొంతులో ముక్క తీసేరా? తీసినట్టు నాకు చెప్పలేదేటి?"

"సిన్న ముక్కేనే."

"అట్ట తిరగేసి చూపించేసేరు కదా? తొందర్లో ఎర్రవైపు ఇచ్చేసేరు, అవునా?"

అవునని అంటారని ఎదురుచూశాను. పొరపాటైపోయిందే అంటే చాలు, నాలుగు తిట్లు తిట్టి, ఏడ్చి, పదండి ఆస్పత్రికి అని లాక్కుపోయేదాన్ని. ఆయన చేతిలో తీగ కింద పెట్టారు.

"నేదే. సూసే ఇచ్చేను."

"ఏటి?"

"కౌంటర్లో గుంటపిల్ల మెయిల్ సెప్పమంది. అట్టముక్క తీసేను. రెండేపులా సూసేను. నువ్వే సెప్పేవు గదా, సూడక్కర్లేనివి ఎర్రదానికి పోవాలని. నాకు అది సూడాలని నేదు."

రోడ్డు మీద వాళ్ళు ఆగి చూసేంతగా అరిచాను. మీకు అక్కర్లేకపోతే నాకు అక్కర్లేదా, మీ ప్రాణం మీ ఒక్కరిదేనా, ల్యాబువాళ్ళు ఫోన్ కూడా చెయ్యలేదా అన్నాను.

"సేసేరు. రాంగ్ నంబరని పెట్టీసేను." ఇంతసేపటికి తలెత్తి నన్ను చూశారు. "డాక్టరు ఆ రోజే సెప్పేసినాడే. అదే రోగమైతే మాట పెట్టె తీసీవలసి రావొచ్చని. మాట నేకపోతే నానేటి సేస్తాను? మోటారు తెచ్చినోడికి ఏటి సెప్తాను? బయమేసిందే. ఆ కాయితం రానంతకాలం ఏటీ నేదనే అనుకోవచ్చు గదా."

రైతు టీ తాగి వచ్చేశాడు. మా ఆయన అతని మోటారు ఆ పూటకి పూర్తి చేసి ఇచ్చేదాకా నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను.

మర్నాడు విశాఖలో డాక్టరు మళ్ళీ గొట్టం వేసి చూశాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, రిపోర్టు వచ్చి ఇన్ని నెలలైతే ఏం చేస్తున్నారని గట్టిగా అడిగాడు. మా ఆయన నోరు తెరవబోయారు. ఆయన చేయి నొక్కి నేనే చెప్పాను.

"మెయిల్ కనపడలేదు సార్. పనికిరాని మెయిళ్ళలో కలిసిపోయింది."

"చదువుకున్నవాళ్ళు, మీరు కూడా ఇలా చేస్తే ఎలా అమ్మా? అప్పుడే వచ్చుంటే రేడియేషన్, అదే కరెంటు పెట్టి చూసేవాళ్ళం. గొంతు నిలబడేదేమో. ఇప్పుడు లోపలికి పాకింది. మాట పెట్టె తీయక తప్పదు."

తిట్లన్నీ నేను తిన్నాను. నా భర్తని ఒక పరాయి మనిషి పిరికివాడని అనడం నాకు ఇష్టం లేదు. ఆ మాట అనే హక్కు నాకొక్కదానికే ఉందనిపించింది. దేన్ని కాపాడుకోవాలని ఆయన దాక్కున్నారో అదే పోతోందని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

చోడవరం వచ్చే బస్సులో నేను మాట్లాడలేదు. తర్వాత కూడా మాట్లాడలేదు. వండి పెట్టాను, మందులు వేశాను, పరీక్షలకి తిప్పాను, సెలవులు పెట్టాను, కానీ నోరు విప్పి ఒక మంచి మాట అనబుద్ధి కాలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు నా కోపం. రెండువైపులా చూసి మరీ, నాకు తెలియకూడని వైపు ఎంచుకున్నారు. పక్కనే ఉండి రోజూ అన్నం పెట్టే నన్ను బయట నిలబెట్టి తలుపేసుకున్నారు. నేను గుమ్మంలో ఆయన చెప్పిన కబుర్లు విసుక్కుంటూ వింటున్న ఆ నెలలన్నీ, ఆయన మిగిలిన మాటల్ని వాడేసుకుంటున్నారన్నమాట. అది తలచుకుంటే కోపం, ఏడుపు ఒకేసారి వచ్చేవి. నేను మాట్లాడకపోయినా ఆయన మానలేదు. నొప్పితో గొంతు పట్టుకుని మరీ చెప్పేవారు. నేను ఊ అని కూడా అనేదాన్ని కాదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆకుపచ్చ గుడ్డలు తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నర్సు ఆయన చేతికున్న తాడు తీసి నాకిచ్చింది. మంచాన్ని తోసేవాళ్ళు లిఫ్ట్ కోసం ఆగారు. ఆయన నా వైపు తల తిప్పారు.

"ఒసే, కోపం పోనాదేటే?"

"లేదు."

ఆయన నవ్వారు. నవ్వితే గొంతులో గరగరమంది. "ఇంటికొచ్చేక తిడుదువు గాని. ఈపాలి ఎదురు సెప్పన్లే."

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి, తీసుకెళ్ళిపోయారు.

ఆపరేషన్ తర్వాత రోగం మళ్ళీ కనపడలేదని డాక్టరు అంటున్నాడు. షాపు మళ్ళీ తీశారు. మెడ మీద చిన్న గుడ్డ కట్టుకుంటారు, మోటారు తెచ్చినవాళ్ళకి చేతులతో చెప్తారు, వాళ్ళకీ అలవాటైంది. గొంతుకి ఆనించే మిషను ఒకటి ఉందట, దానితో మాట్లాడొచ్చట, అది వద్దని తల ఊపుతున్నారు. ఇంటికి రాగానే పీట వేసుకుని గుమ్మంలో కూర్చుంటారు. నేను వంట చేస్తూ ఉంటాను. తిట్టాల్సినవి నాకు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కటీ మర్చిపోలేదు. ఆయన నా వైపే చూస్తూ ఎదురుచూస్తున్నారని కూడా తెలుస్తూనే ఉంటుంది. ఇంతవరకు ఒక్క మాటా అనలేకపోయాను.