అమ్మ మణికట్టు, నా ముప్పై రోజుల రొట్టె ప్లాను

మంచి పని తలపెట్టి ఇంటిల్లిపాదినీ ముంచినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. రంగురంగుల పట్టికలు గీసి, గంటగంటకూ ఫోను మోగించుకుంటూ, బంధువులందరికీ చెప్పి మరీ ముంచినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. అంటే బుద్ధి రావాల్సిన వయసే. రాలేదు.

బళ్ళారి కౌల్ బజారులో మాది స్టీలు సామాన్ల అంగడి. ఇంట్లో నాన్నకూ, అన్నకూ, నాకూ రెండు పూటలా జొన్నరొట్టె పడాల్సిందే. ఆ రొట్టెలు ఏళ్ళ తరబడి తట్టీ తట్టీ అమ్మ కుడి మణికట్టు వాచిపోయింది. డాక్టరు కట్టు కట్టి, "కొన్నాళ్ళు రొట్టెలు మానెయ్యండమ్మా" అన్నాడు.

"మానేస్తే ఈ మూడు కడుపులకు ఎవరు పెడ్తారు సార్?" అని అమ్మ అడిగింది. బయటి రొట్టె నాన్నకు గొంతు దిగదు.

ఆ మాటకు నాకు నిజంగానే బాధేసింది. బాధేసినవాణ్ణి బాధపడి ఊరుకోవచ్చు గదా! ఇంటికి రాగానే ప్రకటన చేశాను.

"అమ్మా, నెల దినాల్లో రొట్టె చేసేది నేను నేర్చుకుంటా. ఆ తర్వాత నువ్వు పెనం దిక్కు కూడా చూడొద్దు."

"దానికి నెలెందుకురా? రా, ఈడ కూసో, చూపిస్తా."

"అట్ల కాదుమా. ఏ పనికైనా ఒక ప్లాను ఉండల్ల."

ఆ రోజు నేను పిండి ముట్టుకోలేదు, ల్యాప్‌టాప్ ముట్టుకున్నాను. మొదటి వారం పిండి కలపడం, రెండో వారం తట్టడం, మూడో వారం పెనం మీద వేయడం, నాలుగో వారం పొంగించడం. వారానికొక రంగు. గుర్తు చేయడానికి ఒక యాప్, చేసిన పనికి టిక్కు పెట్టడానికి ఇంకో యాప్, ఆ రెండింటినీ కలపడానికి మూడోది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, నా సోమలింగానికి పేరుతో పాటు బొమ్మ, నినాదం కూడా తయారయ్యాయి.

అమ్మ వచ్చి తొంగి చూసింది. "మంగళారం మొదులు పెడ్తాండావా? మంచి పని మంగళారం ఎవరన్నా మొదులు పెడ్తారా?"

అదిగో, అక్కడే నా తెలివి తన్నుకొచ్చింది. పంచాంగం యాప్ తెచ్చి క్యాలెండరుకు జోడించాను. రోజూ పొద్దున ఏడున్నరకు పాఠం. ఆ వేళకు రాహుకాలమో, యమగండమో, గుళికకాలమో తగిలితే పాఠం దానంతటదే తర్వాతి రోజుకు జరిగిపోవాలి. నాన్న మెచ్చుకున్నాడు కూడా.

ఇక చూడండి. సోమవారం ఏడున్నరకు రాహుకాలం. మంగళవారం ఎటూ పనికిరాదు. బుధవారం ఏడున్నరకు యమగండం. గురువారం ఏడున్నర దాకా యమగండం. శుక్రవారం ఏడున్నరకు గుళికకాలం. శని, ఆదివారాలు మంచివే గానీ, వాటిని 'వారం సమీక్ష'కు కేటాయించాను. ఏం సమీక్షించావయ్యా అంటారా? పాఠాలు ఎందుకు జరగలేదో సమీక్షించాను.

ఇంతలో అమ్మ కట్టు కట్టిన చేత్తోనే రొట్టెలు తడుతూ, "ఏమప్పా, యాడిదాకా వచ్చింది నీ చదువు?" అనేది.

"ప్లానులో ఉండాదిమా."

అలా జరిగీ జరిగీ నెల పాఠాలన్నీ పోయి నెలాఖరు ఆదివారం, సమీక్షకని పెట్టుకున్న తొమ్మిది గంటల మీద పడ్డాయి. అంత బరువు చూసి క్యాలెండరుకే అనుమానం వచ్చిందో ఏమో, "ఎవరికైనా తెలియజేయాలా?" అని అడిగింది. నాలుగు మంచి మాటలు చెబుతారులే అని 'అందరికీ' నొక్కాను. "ఆదివారం ఉదయం తొమ్మిది గంటల శుభముహూర్తాన రొట్టె ప్రారంభం, మా ఇంట్లో" అని చుట్టాలందరికీ వెళ్ళింది. మా వాళ్ళల్లో ముహూర్తం రాసి, 'మా ఇంట్లో' అని పంపితే అది పిలుపు. పిలుపు అందుకున్నవాళ్ళు రాకపోతే తప్పు, వచ్చినవాళ్ళకు భోజనం పెట్టకపోతే ఇంకా పెద్ద తప్పు. ఈ సంగతి ఒక్క యాప్‌కే తెలియదనుకోకండి, ఆ క్షణాన నాకూ తట్టలేదు.

ఆదివారం తొమ్మిదింటికి నా జీవితంలో తొలి రొట్టె పెనం మీద మూడు ముక్కలైంది. అప్పుడే వీధిలో ఆటోలు వరసగా ఆగాయి. ముందు కెంచనగుడ్డ పిన్ని పళ్ళ తట్టతో దిగింది. వెనక బాబాయి, మేనమామ, వాళ్ళ పిల్లాజెల్లా, మొత్తం ఇరవై రెండు మంది.

"ఏమప్పా, ముహూర్తం పంపిస్తివి! హోటలు పెడ్తాండావా?" అంది పిన్ని.

"లేదు పిన్నీ, రొట్టె నేర్చుకుంటాండా."

"రొట్టె నేర్చుకునేకి ముహూర్తమా! ఆయ్తు బిడప్పా, పోనీలే. ఊటకేం చేసినారు? ఇంతమందిమి తినల్ల గదా."

మేనమామ పెనం మీది ముక్కనొకదాన్ని ఎత్తి చూశాడు. "ఇదేందప్పా, పెనం తుడిచే గుడ్డా?"

అమ్మ నా వైపు చూసింది. మణికట్టుకున్న కట్టు విప్పి పక్కన పెట్టింది.

"వద్దుమా," అన్నాను.

"అవతలికి జరుగు. ఇంటికొచ్చినోళ్ళను ఆకలితో పంపిస్తామా?"

నాన్న వంకాయలకు పరిగెత్తాడు. అమ్మ మధ్యాహ్నం దాకా రొట్టెలు తట్టింది. యాభై దాకా లెక్కపెట్టి, సిగ్గేసి ఆపేశాను. ఆ చప్పుడు ఒక్కొక్కటీ నా చెంప మీదే పడుతున్నట్టుంది. మా వాళ్ళు కడుపారా తిన్నారు. పిన్ని వెళ్తూ వెళ్తూ నా తల నిమిరి, "అమ్మ కష్టం చూడలేని బంగారు కొడుకు" అని దీవించింది. అమ్మ నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మర్నాడు డాక్టరు ఆ చేతిని చూసి అదిరిపడ్డాడు. పోయినసారి నిమ్మకాయంత ఉన్న వాపు ఇప్పుడు బత్తాయంత ఉంది.

"ఏం చేశారమ్మా దీన్ని?"

అమ్మ నన్ను చూపించి, చాలా శాంతంగా చెప్పింది. "మా వాడు నాకు రెస్టు ఇచ్చినాడు సార్."

కాబట్టి, ఆ వాచిన మణికట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అమ్మను సుఖపెట్టే ఏ పనికీ ఇక పట్టిక గీయను, ముహూర్తం చూడను, ఒక్క ప్రాణికీ చెప్పను. లేచి చేస్తాను. చేయలేకపోతే, కనీసం పెట్టిన రొట్టె నోరు మూసుకుని తింటాను.