కూర్మయ్య మావయ్య ఇసుక పడవలు

మా కూర్మయ్య మావయ్య మనుషుల్ని కూర్చోబెట్టి చూడకుండా ఏ వస్తువూ కొనడు. అడుగులు, అంగుళాలు, లీటర్లు అన్నవి అమ్మేవాళ్ళు తమ సౌకర్యం కోసం కనిపెట్టుకున్నవని ఆయన అభిప్రాయం. మనిషి పట్టాడా లేదా, పట్టాక మోకాళ్ళు ఎక్కడికొచ్చాయి, లేవడానికి ఎవరైనా చెయ్యందించాలా, ఇవీ ఆయన కొలతలు. అంచేత ఆయన నోట "కూకోండి ఓపాలి" అన్న మాట వినపడగానే ఇంట్లోవాళ్ళు తలో పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు.

ఒకసారి సోఫా కొనడానికని ఇంటిల్లిపాదినీ ఆటోలో టెక్కలి తీసుకుపోయాడు. పెళ్ళివారనుకుని కొట్టు యజమాని కూల్‌డ్రింకులు తెప్పించాడు. మావయ్య మమ్మల్ని ప్రతి సోఫాలోనూ కూర్చోబెట్టి, లేపి, చోట్లు మార్చి, మళ్ళీ కూర్చోబెట్టాడు. చివరికి దేముడమ్మత్తతో, "ఇందల కూకుంటే నువ్వింక లెగవు. వంటెవులు సేస్తారు?" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు కొనుక్కుని తిరిగొచ్చాం. యజమాని మా ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాడు.

నీళ్ళ ట్యాంకు సంగతి ఇంకా ఘోరం. అత్త తమ్ముడు నాగబాబుని అందులోకి దింపాడు.

"ట్యాంకు నీల్లకి బావా, మనుసులకి కాదు!" అని లోపల్నుంచి నాగబాబు కేక.

"మనిసి పట్టని దాంట్లో నీల్లేటి పడతాయిరా? బాసింపట్టు ఏసుకుని కూకో ఓపాలి."

కూర్చున్నాడు. లేవడమే కుదరలేదు. ట్యాంకుని పక్కకి దొర్లించి, కాన్పులో బిడ్డని లాగినట్టు లాగారు. నాగబాబు గోవా వెళ్ళిపోయింది ఆ తర్వాతే. బతుకుతెరువు కోసం వెళ్ళాడని అత్త అంటుంది. ట్యాంకు వల్లే వెళ్ళాడని నా అనుమానం.

అక్కడ సముద్రం మీద టూరిస్టుల్ని ట్యూబుల మీద కూర్చోబెట్టి పడవతో లాగే పనిలో చేరాడు. దసరాకి వచ్చినప్పుడు కొత్త ఆలోచన ఒకటి తెచ్చాడు. నౌపడ దాటి, ఉప్పు మడులు దాటి వస్తే మా ఊరు. ఊరి తీరానికి కార్తీకమాసంలో ఆదివారం ఆదివారం పిక్నిక్ జనం బస్సుల్లో దిగుతారు. ఒక ఫ్యామిలీ బోటు కొంటే వాళ్ళని తిప్పొచ్చు, పిల్లల్ని ట్యూబు మీద లాగొచ్చు. తను నడుపుతాడు, ఇక గోవా వెళ్ళనక్కర్లేదు.

"కార్తీకానికి పడవ రావాల బావా. రాకపోతే ఎల్లిపోతాను. ఈపాలి ఎల్తే అక్కడే ఉండిపోతాను," అన్నాడు.

ఒక్కగానొక్క తమ్ముడు. దేముడమ్మత్త మావయ్య వైపు చూసిన చూపులో, పడవ కొంటావా, నన్ను కూడా గోవా పంపుతావా అన్నంత అర్థం ఉంది.

కొనడానికి మావయ్యకి అభ్యంతరం లేదు. ఎంత పడవ అన్నదే ప్రశ్న. విశాఖ వైపు ఫైబర్ పడవలు పోసే షెడ్డులో మూడు సైజులు సిద్ధంగా ఉన్నాయి.

"సిన్నదైతే సులువుగా తిరుగుతాది, ట్యూబు లాగడానికి బాగుంటాది," అని నాగబాబు వివరించాడు. "పెద్దదైతే సంసారమంతా పడతాది గానీ పెట్రోలు తాగేస్తాది. ఒడ్డుకి లాగాలంటే ఊరంతా రావాల."

"సంసారమంటే ఎంతమంది?"

"ఐదారుగురు అనుకో."

"అనుకోడమేటిరా? కూకోబెట్టి సూద్దాం."

ఆ సాయంత్రమే తీరంలో తెడ్డు మొనతో ఇసుక మీద పడవ గీశాడు. అందులోకి మమ్మల్ని ఎక్కించాడు. నాగబాబు ముందు కూర్చుని గాలిలో స్టీరింగు తిప్పాలి. ఎం.ఏ. తెలుగు ముగించి, ఉద్యోగం వెతుక్కునే పేరుతో పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చున్న నన్నూ వదల్లేదు. ట్యూబు మీదివాళ్ళు పడిపోతే చెప్పడానికి పడవలో ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలట.

"ఆ పనికి నువ్వే తగుదువే అమ్మడూ. ఎలాగూ మాటాడవు, సూస్తుంటావు," అన్నాడు మావయ్య.

తర్వాత వాళ్ళమ్మని, అంటే మా అమ్మమ్మని పిలిచాడు. అమ్మమ్మ పేరు తాతమ్మ. చేపల తట్ట దించి అప్పుడే నడుం వాల్చబోతోంది.

"నానేటి, పడవేటి?" అంది అమ్మమ్మ. "ఆడది పడవెక్కకూడదురా కూర్మీ."

మా ఇళ్ళలో అది ఉన్నదే. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పలేదు. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, పడవ తెచ్చిన చేపని తట్టకెత్తుకోవడం వరకే మా ఆడవాళ్ళ సముద్రం. అమ్మమ్మ అలా ఒక జీవితం నిలబడింది. సముద్రం మీంచి చూస్తే మన ఊరు ఎలా ఉంటుందని తాతయ్యని అడిగేదట. ఊరు ఊరిలాగే ఉంటుందని ఆయన చెప్పేవాడట. ఇప్పటికీ సాయంత్రం ఎవరు చేపల వేట నుంచి వచ్చినా అదే అడుగుతుంది. వాళ్ళూ అదే చెబుతారు.

"ఇది పడవేటే? ఇసక," అన్నాడు మావయ్య. "కూకో ఓపాలి. బరువు సూసుకోవద్దేటి?"

అమ్మమ్మ కూర్చుంది. నా పక్కన, ఊరి వైపు తిరిగి.

ఒడ్డున వల కుడుతున్న సోములు తాత తలెత్తాడు. వేట మానేశాక సముద్రం మర్యాదలన్నీ తనకే అప్పజెప్పినట్టు ఉంటాడాయన. "ఏటి కూర్మయ్యా, పడవ బయల్దేరినాదా?" అన్నాడు. ఒడ్డంతా నవ్వింది.

"ట్యూబు మీద ఇద్దరుంటారు కదా," మావయ్య ఆ నవ్వు పట్టించుకోలేదు. "ఆల్లు తిరిగొస్తే ఎక్కడ కూకుంటారు?"

"పడవలోనే బావా."

"అయితే ఆల్లకీ సోటుండాల కదేటి?"

"ఉండాల."

"మరి ముందే సెప్పవేటి!" అని మావయ్య కాలితో పడవని చెరిపేశాడు.

"కూర్మయ్య పడవ మునిగిపోనాదిరోయ్!" అని సోములు తాత కేక పెట్టాడు.

అది మొదలు రోజూ అదే తంతు. చిన్న పడవ గీస్తే అత్త మోకాలు నాగబాబు వీపులో దిగేది. పెద్దది గీస్తే, "ఇందల ఒకలి మాట ఒకలికి ఇనపడదు, ఇదేటి పడవా, పంచాయితీ ఆఫీసా?" అని అత్త అరిచేది. మావయ్య చెరిపి మళ్ళీ గీసేవాడు. ఎవరి చోటు ఎన్నిసార్లు మారినా అమ్మమ్మ చోటు మాత్రం నా పక్కనే. ఒకరోజు పడవ అంచున ఇటుకలు పేర్చి, "ఎక్కి రా," అన్నాడు అమ్మమ్మని. మోకాలు పట్టుకుని ఆవిడ ఎక్కలేకపోతే ఒక ఇటుక తీసేశాడు.

"ఇదెందుకు బావా?" అన్నాడు నాగబాబు.

"నీల్లలో పడ్డోలు పడవెక్కడానికి మెట్టుండాల కదరా."

"గోవాలో నిచ్చెనుంటాది."

"గోవావోలకి మోకాల్నొప్పులుండవు కామాల."

ఒడ్డున జనం పెరిగారు. చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు పని మానుకుని చూసేవారు. సోములు తాత అయితే వల కుట్టడమే మానేశాడు. ఏ రోజైనా అమ్మమ్మ ఆలస్యమైతే, "తాతమ్మేదిరా? పడవ ఎలిపోతాది!" అని తనే కేకేసేవాడు.

దీపావళి ఇంకో వారంలోకి వచ్చేసింది. షెడ్డువాళ్ళు ఫోన్ చేసి, ఏ పడవో తేల్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నాగబాబు బట్టలు సర్దుకున్న సంచీ గుమ్మంలో పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. అత్త పొయ్యి వెలిగించలేదు. దాంతో మర్నాడే ఒక జీపు మాట్లాడి మావయ్య అందర్నీ షెడ్డుకి బయల్దేరదీశాడు.

అమ్మమ్మ జీపు దిగి, స్టాండ్ల మీద మెరుస్తున్న పడవల్ని చూసి ఆగిపోయింది. "ఇవి ఇసక కాదురా."

"నీరు తగిలిందేటి? పూజయిందేటి?" అన్నాడు మావయ్య. "ఇంకా పడవ కాలేదే అమా. ఇవి తొట్లు. కూకో ఓపాలి."

షెడ్డు మేస్త్రీ జీవితంలో చూడనిది ఆ రోజు చూశాడు. మూడు తొట్లలోకీ ఎక్కాం, కూర్చున్నాం, దిగాం. మావయ్య మధ్యదాన్ని ఎంచాడు. వెనక వెడల్పాటి మెట్టు కావాలన్నాడు. పట్టుకోవడానికి గట్టి కడ్డీ కావాలన్నాడు. వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఒకటి కాదు, రెండు కావాలన్నాడు. వాటి ముందు ఖాళీ చోటు వదలమన్నాడు.

"సూసేవోలు ఒకలు సాలు బావా!"

"ఇద్దరు సూస్తే ఇంకా మంచిది. సముద్రంతో ఆటలేటి?"

భద్రత విషయం కాబట్టి నాగబాబు సరేనన్నాడు. ఇంటికి రాగానే సంచీ లోపల పెట్టాడు. అత్త పొయ్యి వెలిగించింది.

కార్తీకం మొదటి ఆదివారానికి ముందు రోజు పడవ నీళ్ళలో దిగింది. పసుపు పూశారు, కొబ్బరికాయ కొట్టారు, ఊరంతా వచ్చింది. నాగబాబు స్టీరింగు దగ్గర నిలబడ్డాడు. మావయ్య నడుంలోతు నీళ్ళలో పడవని పట్టుకుని ఒడ్డు వైపు తిరిగాడు.

"అమా, కూకో ఓపాలి."

అమ్మమ్మ తట్ట చంకన పెట్టుకుని నీళ్ళ అంచున నిలబడింది.

"ఇప్పుడిది పడవైపోనాది కదరా కూర్మీ."

"నీ సోటు మారిందేటి? ఇసకలో కూకున్నావు, సెడ్డులో కూకున్నావు. అదే సోటు. కూకో."

అందరూ సోములు తాత వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు. కానీ పాపం, అమ్మమ్మ పడవలో కూర్చోవడం గురించి అనగలిగినవన్నీ ఆయన ఇన్ని సాయంత్రాలూ అనేశాడు, నవ్వగలిగినంతా నవ్వేశాడు. పైగా ఆలస్యమైతే కేకేసి పిలిచిందీ ఆయనే. ఇక మిగిలింది ఒకటే మాట.

"ఏటి కూర్మయ్యా, పడవ బయల్దేరినాదా?" అన్నాడు గొణుగుతున్నట్టు.

"తాతమ్మ ఎక్కితే బయల్దేరతాది మావా," అన్నాడు మావయ్య.

అమ్మమ్మ కాసేపు సముద్రాన్ని చూసింది, కొడుకుని చూసింది. "తట్టెక్కడ పెట్టను?" అంది.

రెండు సీట్ల ముందు వదిలిన ఖాళీలో తట్ట సరిగ్గా పట్టింది. మెట్టు మోకాలికి సరిగ్గా అందింది. కడ్డీ చేతికి సరిగ్గా దొరికింది. లైఫ్ జాకెట్ తొడుగుతుంటే మాత్రం, "ఈ బొంతేటిరా, ఉక్కకి సచ్చిపోతాను," అని గొడవ చేసింది. "మా అత్తే ఎక్కగా లేనిది నాకేటి?" అని దేముడమ్మత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. నా చోటు నాకు తెలుసు కాబట్టి నన్నెవరూ పిలవక్కర్లేకపోయింది.

కెరటాలు దాటాక ఊరు కనిపించింది. తాటిచెట్లు, డాబాలు, ఎండు చేపల పందిళ్ళు, వాటి వెనక ఉప్పు మడుల తెలుపు. అమ్మమ్మ కన్నార్పకుండా చూసింది. వెనక సీట్లు రెండెందుకో నాకప్పుడు తెలిసింది. మావయ్య మాత్రం ఇంజను వైపు చూస్తూ, అది తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు ఉన్నాడు.

"ఎలగున్నాదే అమా, ఊరు?" అన్నాడు తలెత్తకుండానే.

"ఇంతేనేటి? ఈ గుప్పెడు ఊరిలో తిరిగేనేటి నా కాల్లు అరిగిపోనాయి?" అంది అమ్మమ్మ. మళ్ళీ ఊరి వైపు చూసి, "మనింటికి రంగెయ్యాలరా. ఎలిసిపోనాది," అంది.

ఒడ్డుకి రాగానే సోములు తాత ఆపుకోలేక, "ఎలగున్నాది తాతమ్మా?" అని అడిగాడు.

"నీ ఇల్లు అవుపడనే లేదు," అని చెప్పి అమ్మమ్మ ముందుకి నడిచింది. చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు అప్పటికే నీళ్ళ అంచుకి వచ్చి నిలబడ్డారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో తట్ట.

"సూస్తారేటే? రండి, కూకోండి ఓపాలి," అంది అమ్మమ్మ.

నాగబాబు ఆ గుంపునీ, తట్టల్నీ, పడవనీ మార్చి మార్చి చూశాడు. "బావా! పెద్దది కొనాల్సింది కదేటి!" అని మొత్తుకున్నాడు.

మావయ్య అప్పటికే తెడ్డు పట్టుకుని, ఇసుకలో చదునైన చోటు కోసం వెతుక్కుంటున్నాడు.