మంపిర్ అన్న పాపానికి

జావా దీవిలో క్లాతెన్ ఊరి పక్క పల్లెలో గుమ్మం ముందు కూర్చున్న మనిషి, దారిన పోయేవాళ్ళను చూసి "మంపిర్" అనకపోతే మర్యాద తెలియనిదని పేరు పడిపోతుంది. మంపిర్ అంటే లోపలికి వచ్చి వెళ్ళండి అని. అన్నారు కదా అని నిజంగా వచ్చేశారా, అంతకంటే మర్యాద తెలియనివాళ్ళు ఇంకెవరూ ఉండరు. "ఈసారి వస్తాం బూ" అని నవ్వుతూ సాగిపోవాలి. ఆడవాళ్ళను బూ అని, మగవాళ్ళను పక్ అని గౌరవంగా పిలవడం అక్కడి పద్ధతి. రెండో తరగతి టీచరు బు సుదర్వాతి, భర్త పోయిన దగ్గర్నుంచి, ప్రతి సాయంత్రం వీధంతటికీ మంపిర్ చెప్పేది. ఒక్కరూ లోపలికి రాలేదు. అంతా మర్యాదస్తులు.

అలాంటి మనిషిని ఒకరోజు హెడ్మాస్టరు పక్ వర్దోయో తన గదికి పిలిచాడు. అక్కడ బట్టలు కుట్టే పర్యంతి, ఆమె ఏడేళ్ళ కూతురు వెనింగ్ కూర్చుని ఉన్నారు. వెనింగ్‌కి ఆటిజం. ఇలాంటి పిల్లల్ని మామూలు బడిలోనే చేర్చుకోవాలని పైనుంచి ఆదేశం వచ్చిందట. చేర్చుకోకపోతే ఆ పిల్ల రెండు బస్సులు మారి పట్నంలోని ప్రత్యేక బడికి పోవాలి. ఊళ్ళో ఒక్క నేస్తం కూడా లేకుండా పెరగాలి.

'పాపం, పిల్ల మంచిదే, కానీ నా తరగతిలో వద్దు. నేను టీచర్ని, డాక్టర్ని కాదు' అనుకుంది బు సుదర్వాతి. పైకి మాత్రం మెత్తగా నవ్వి, "అలాగే, పంపండి," అంది. ఆ నవ్వుతో ఆ మాట కలిపి అంటే వద్దని అర్థం. పక్ వర్దోయోకి అర్థమైంది. పర్యంతికీ అర్థమై, తల వంచుకుని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

వెనింగ్‌కి అర్థం కాలేదు. సోమవారం జెండా వందనం కాకముందే తెల్ల చొక్కా, ఎర్ర స్కర్టు వేసుకొచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. వెనకాలే పర్యంతి రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఏమనుకోకండి బూ, ఎంత చెప్పినా వినదు. మీరే పంపమన్నారంటుంది."

"అన్నాననుకో, కానీ..." అని బు సుదర్వాతి ఆగిపోయింది. నలుగురి ముందు "ఊరికే అన్నాను" అనగలిగేవాళ్ళు జావాలో ఇంకా పుట్టలేదు. అలికిడికి వచ్చిన పక్ వర్దోయో గొంతు సవరించుకుని, "సరే, పరీక్షలయ్యేదాకా ఉంచి చూడండి. తర్వాత మీ మాటే నా మాట," అన్నాడు.

ఆవిడ కష్టాలు అక్కడ మొదలయ్యాయి. గంట మోగితే వెనింగ్ చెవులు మూసుకుని కేక పెట్టేది. ఆ కేకకు టీచరు చేతిలో సుద్దముక్క విరిగేది. "ఒక్క నిమిషం ఆగమ్మా" అంటే గడియారం వంకే చూసి, "నిమిషం అయింది బూ," అనేది.

పాఠం అయ్యాక "అర్థమైందా?" అని అడగడం బు సుదర్వాతి అలవాటు. "అర్థమైంది బూ" అని తరగతంతా రాగం తీసేది. ఇన్నేళ్ళూ ఆ రాగం విని హాయిగా ఇంటికి పోయేది. తీసివేతలు చెప్పిన రోజు మాత్రం రాగంలో అపస్వరం పడింది.

"నాకు అర్థం కాలేదు," అంది వెనింగ్. "వీళ్ళకీ కాలేదు. తోపన్ పడవ బొమ్మ వేస్తున్నాడు."

"అదేం లేదు బూ, అర్థమైంది," అన్నాడు తోపన్, పడవ మీద చెయ్యి అడ్డం పెట్టి.

"అయితే వచ్చి ఈ లెక్క చెయ్యి నాయనా."

తోపన్‌కి రాలేదు. పక్కవాడికీ రాలేదు. ఆ వేళ తరగతి మొత్తంలో తీసివేత తెలిసిన ప్రాణి టీచరు ఒక్కతేనని తేలింది. ఆవిడకు ఒళ్ళు మండింది గానీ, ఎవరి మీద మండాలో తెలియలేదు. మర్నాడు మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

ఆ గురువారం సాయంత్రం తల్లీకూతుళ్ళు తన ఇంటి ముందు నుంచి పోతుంటే, బు సుదర్వాతి అలవాటు చొప్పున "మంపిర్" అంది. పర్యంతి "ఈసారి వస్తాం బూ" అనేలోపే వెనింగ్ చెప్పులు విప్పి లోపలికి పోయి చాప మీద కూర్చుంది. ఇక సోయా గింజలతో చేసే టెంపే ముక్కలు వేయించి పెట్టక తప్పలేదు.

"మాడింది," అంది వెనింగ్, రెండో ముక్క తీసుకుంటూ.

పర్యంతి నెత్తి కొట్టుకుంది.

"అవునే, మాడింది," అంది బు సుదర్వాతి, నవ్వు ఆపుకోలేక. ఎన్నాళ్ళుగానో ఆ ఇంట్లో మాడిందని చెప్పేవాళ్ళు కూడా లేరు. వాళ్ళు వెళ్ళేటప్పుడు నోరు ఊరుకోక "మళ్ళీ రండి" అంది. ఇంకేముంది, వెనింగ్ ప్రతి గురువారం వచ్చింది. టెంపే మాడకుండా పొయ్యి దగ్గరే నిలబడి వేయించడం బు సుదర్వాతి నేర్చుకుంది. బడిలో గంట మోగబోయే ముందు పిల్లకు సైగ చేయడం కూడా నేర్చుకుంది. వెనింగ్ ముందే చెవులు మూసుకునేది, కేక ఉండేది కాదు.

పరీక్షలయ్యాయి. మళ్ళీ అదే గది, అవే కుర్చీలు.

"ఏమంటారు బూ, పిల్లను ఉంచుకుంటారా?" అన్నాడు పక్ వర్దోయో.

"అలాగే, పంపండి," అంది ఆవిడ మెత్తగా నవ్వి. ఏళ్ళ తరబడి మర్యాద మరిగిన నోటికి ఆ నవ్వూ ఆ మాటా తప్ప మరొకటి రాదు.

"అర్థమైంది. పట్నం బడివాళ్ళకి నేను ఫోన్ చేస్తాను లెండి," అన్నాడాయన. పర్యంతి తల వంచుకుంది.

బు సుదర్వాతి చప్పున ముందుకు వంగింది.

"మీకు అర్థం కాలేదు," అంది. హెడ్మాస్టరుతో అలాంటి మాట అన్నవాళ్ళను ఆ గది ఎరగదు. "పంపమన్నానంటే పంపమనే. మీరు వినే తీరున కాదు, వెనింగ్ వినే తీరున వినండి."

పక్ వర్దోయో ఫోన్ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిగ్గుతో ఆవిడ చెవులు మండిపోయాయి.

వెనింగ్ మాత్రం అప్పటికే తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"ఇవాళ గురువారం బూ," అంది. "పదండి."