పర్ణశాలలో చెప్పిన మాట

ఈ రోజు ఫహాహీల్‌లో మా బిల్డింగు డాబా మీద పర్ణశాలల పండుగకని ఖర్జూర మట్టలతో పర్ణశాల వేసుకున్నాం. యూదుల పండుగలు చేసుకునే తెలుగువాళ్లం మేము. ఇరాకీ సైన్యం ఈ అరబ్ దేశాన్ని ఆక్రమించాక ఇక్కడ మూడు కుటుంబాలే మిగిలాం. పండుగ దినాల్లో సంతోషంగా ఉండాలని మా నియమం. పోయిన నెల నా కొడుకు జ్వరంతో పోయాడు కాబట్టి నేను ఓ మూల కూర్చున్నాను. పిల్లలు మట్టలకు ఖర్జూరం గుత్తులు కడుతుంటే ఇరాకీ సైనికుడొకడు తుపాకీతో మెట్లెక్కి వచ్చాడు.

“ఏంటీ గుడిసె? ఎందుకు చేరారు?” అని అరబీలో అడిగాడు.

యూదుల పండుగని తెలిస్తే ఏం చేస్తాడోనని అందరూ బిగుసుకుపోయారు. ఇళ్లలో పనిచేసి నేర్చుకున్న అరబీ నాకొక్కదానికే వచ్చు.

“నా కొడుకు చనిపోయాడు నాయనా. పరామర్శకు వచ్చారు,” అన్నాను.

అరబ్బుల్లో చావుకి పరామర్శ కోసం డేరా వేస్తారు. అతను తుపాకీ దించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని దిగిపోయాడు. అతనితో ఏమన్నానో మావాళ్లకు తెలుగులో చెప్పాను.

“నీ కొడుకే మనల్ని కాపాడాడు వదినా,” అంది పక్కింటి రూతు.

“వాడేం కాపాడాడు, నేనే వాడి చావుని అడ్డం పెట్టుకున్నా,” అన్నాను.

వాడు పోయినప్పుడు కర్ఫ్యూ వల్ల ఒక్కరూ నా పక్కన కూర్చోలేదు. ఇవాళ పండుగ దాచడానికి వాడికి పరామర్శ దొరికింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా రూతు పప్పన్నం కలిపి పెడితే తిన్నాను, ఇంకొంచెం అడిగాను కూడా. బిడ్డల తల్లులు మీరే చెప్పండి, సైనికుడితో ఆ మాట నేను అనొచ్చా?